14వ నిబంధన: బ్రెగ్జిట్ పోరు అసలు జరిగిన చోటు

2019 ఏప్రిల్ 3 రాత్రి బ్రిటన్ దిగువ సభ, అదే హౌస్ ఆఫ్ కామన్స్, ఒక బిల్లును 313–312 తేడాతో ఆమోదించింది. ఒకే ఒక్క ఓటు. అదే రోజు అంతకు ముందు ఒక సవరణ మీద లెక్క 310–310 దగ్గర ఆగింది. ఓట్లు అలా సరిసమానం కావడం 1993 తర్వాత అదే మొదలు. స్పీకర్ జాన్ బెర్కో తన నిర్ణాయక ఓటును సవరణకు వ్యతిరేకంగా వేశారు. సభలో లేని మెజారిటీని స్పీకర్ ఓటుతో పుట్టించకూడదన్నది అక్కడి పాత కట్టుబాటు. స్పీకర్ సొంత అభిప్రాయానికి అందులో చోటు లేదు.

విచిత్రం ఏమిటంటే, ఒక్క ఓటుతో బయటపడ్డ ఆ బిల్లు ప్రధాని థెరిసా మేను ఏం చేయమందో, అది తాను చేస్తానని ఆమె ముందురోజే ప్రకటించారు. ఐరోపా సమాఖ్యను వీడటానికి, అదే బ్రెగ్జిట్‌కు, ఆ సమాఖ్యను మరికొంత గడువు అడగడం, అంతే. మరి అంత హోరాహోరీ ఎందుకు? గడువు అడగాలో వద్దో ప్రభుత్వం తేల్చాలా, సభ తేల్చాలా అన్న దగ్గర పేచీ. 2016 నుంచి 2019 దాకా వెస్ట్‌మినిస్టర్‌లో నడిచిన గొడవను ‘ఉందామా, పోదామా’ అన్న వాదంగా మాత్రమే చదివితే సగమే అర్థమవుతుంది. మిగతా సగం సభ సమయం ఎవరి గుప్పిట్లో ఉండాలన్న తగాదా. దాని మూలం కామన్స్ స్టాండింగ్ ఆర్డర్లలోని 14వ నిబంధన. కొన్ని మినహాయింపులు పోను, సభ సమావేశమైన ప్రతిసారీ ప్రభుత్వ కార్యక్రమానికే ప్రాధాన్యం అంటుందది. పొడిగా, గుమాస్తా భాషలో ఉండే ఆ ఒక్క వాక్యం చుట్టూ ఒక ప్రధాని పదవి పోయింది, 21 మంది అధికార పక్ష సభ్యులు పార్టీకి దూరమయ్యారు, సుప్రీంకోర్టు రంగంలోకి దిగింది.

గడియారం ముందు తిరిగింది, వాదన తర్వాత మొదలైంది

సమాఖ్యను వీడే పద్ధతి ఐరోపా సమాఖ్య ఒప్పందం 50వ అధికరణంలో ఉంది. వెళ్లిపోదలచిన దేశం ఆ సంగతి తెలియజేయాలి. తెలియజేసిన రోజు నుంచి రెండేళ్లు. ఆలోగా నిష్క్రమణ ఒప్పందం కుదిరితే దాని ప్రకారం, కుదరకపోతే ఏ ఒప్పందమూ లేకుండా సభ్యత్వం రద్దు. గడువు పెంచాలంటే మిగతా 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి.

ఇందులో మెలిక ఎక్కడుందో చూడాలి. మామూలు బిల్లు సభలో ఓడిపోతే ఏమీ మారదు, నిన్నటి చట్టమే రేపూ ఉంటుంది. 50వ అధికరణం కింద మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే: గడువు తీరిన రాత్రి దేశం ఒప్పందం లేకుండా బయటపడుతుంది. అందుకే ‘వద్దు’ అనే శక్తి ఉన్నంత మాత్రాన కామన్స్‌కు ఒరిగేదేమీ లేకపోయింది. ఏదో ఒకదానికి ‘సరే’ అనాలి, లేదా గడియారాన్ని ఆపాలి.

2016 జూన్ 23 ప్రజాభిప్రాయ సేకరణలో 72.2 శాతం పోలింగ్ జరిగితే 51.9 శాతం నిష్క్రమణకు ఓటేశారు. ఆ తీర్పుకు చట్టపరమైన కట్టుబాటు లేదు, రాజకీయ కట్టుబాటే. రాజు పేరిట మంత్రివర్గం చెలాయించే విశేషాధికారంతోనే 50వ అధికరణం కింద నోటీసు ఇచ్చేస్తామని ప్రభుత్వం అంది. గినా మిల్లర్ అనే వ్యాపారవేత్త వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 జనవరి 24న 8–3 తీర్పుతో అది కుదరదంది. చట్టం ద్వారా పౌరులకు వచ్చిన హక్కులను చట్టం ద్వారానే తీసేయాలి, అందుకు పార్లమెంటు అనుమతి కావాలి. ప్రభుత్వం వెంటనే రెండే క్లాజుల బిల్లు తెచ్చింది. ఫిబ్రవరి 1న రెండో పఠనంలో సభ 498–114తో దాన్ని దాటించింది. మార్చి 29న నోటీసు వెళ్లింది.

తర్వాత రెండేళ్లు సభ తల పట్టుకున్న గడువుకు తాళంచెవి తిప్పింది సభే. ఏ రకం నిష్క్రమణ కావాలో, ఐర్లండ్ సరిహద్దును ఏం చేయాలో తేల్చకుండానే గడియారం నడిపించారు. ఆ 498 మందిలో చాలామంది తర్వాత గడియారం ఆపడానికి నానా తంటాలు పడ్డారు.

ఇంకో రెండు నెలలకే మే ముందస్తు ఎన్నికలకు వెళ్లి చేతిలో ఉన్న మెజారిటీని పోగొట్టుకున్నారు. 2017 జూన్ 8 ఫలితాల్లో కన్సర్వేటివ్‌లకు 317 సీట్లు వచ్చాయి. మొత్తం 650 మందిలో వెస్ట్‌మినిస్టర్‌లో కూర్చోని ఐరిష్ జాతీయవాద పార్టీ షిన్ ఫేన్ సభ్యులు ఏడుగురు, ఓట్లు సమానమైతే తప్ప ఓటేయని స్పీకర్, ముగ్గురు డిప్యూటీలు పోను 639. గెలవాలంటే 320 కావాలి. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డెమొక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ, డీయూపీ, తన 10 మందితో బయటి నుంచి మద్దతిచ్చింది. సొంత పక్షంలో పట్టుమని పది మంది అలిగితే చాలు, ప్రభుత్వం ఓడిపోతుంది.

విప్ అంటే అక్కడ ఏమిటి

ఈ లెక్కలు తెలుగు పాఠకుడికి వింతగా తోచే చోటు ఒకటుంది. మన దగ్గర 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్ ధిక్కరించి ఓటేసిన సభ్యుడిని పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వానికే ఎసరు. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు. అక్కడ పార్టీ చేయగలిగింది ‘విప్ ఉపసంహరణ’. అంటే ఆ సభ్యుడు పార్టీ బెంచీల నుంచి వెలి, వచ్చే ఎన్నికల్లో టికెట్ అనుమానం. సీటు మాత్రం అతనిదే, ఓటూ అతనిదే. 2019 జనవరిలో 118 మంది కన్సర్వేటివ్‌లు సొంత ప్రధాని ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేసి మర్నాడు అవిశ్వాస తీర్మానంలో అదే ప్రధానిని కాపాడారు. పదో షెడ్యూలు కింద ఈ కథ మొదటి అంకంలోనే ముగిసేది.

ఓటింగ్ పద్ధతి కూడా వేరు. బటన్లు లేవు. గంట మోగిన ఎనిమిది నిమిషాలకు తలుపులు మూసేస్తారు. ఆలోగా సభ్యుడు నడిచి ‘అవును’ లాబీలోకో ‘కాదు’ లాబీలోకో చేరాలి. రెండు పక్షాల నుంచీ లెక్కింపుదారులు నిలబడి తలలు లెక్కపెడతారు. ఎవరు ఎటు నడిచారో పేర్లతో సహా అచ్చవుతుంది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. దాని మీద ఎవరు ఎటో చెప్పే పేర్ల జాబితా నేటికీ లేదు. బ్రెగ్జిట్ విషయంలో ఒక్కో సభ్యుడి ఒక్కో అడుగుకూ లెక్క ఉంది. విశ్లేషకులకు పండగ, విప్‌లకు పీడకల.

13వ సెక్షన్ అనే గునపం

సభ చేతికి మొదటి ఆయుధం 2017 డిసెంబర్ 13న దొరికింది. మాజీ అటార్నీ జనరల్, కన్సర్వేటివ్ సభ్యుడు డొమినిక్ గ్రీవ్ పెట్టిన సవరణ 309–305తో నెగ్గింది. దాని ఫలితమే 2018 జూన్‌లో వచ్చిన ఉపసంహరణ చట్టంలోని 13వ సెక్షన్. ప్రభుత్వం ఐరోపాతో ఏ ఒప్పందం కుదుర్చుకున్నా కామన్స్ తీర్మానం ద్వారా ఒప్పుకుంటేనే అది ధ్రువీకరణకు వెళ్తుంది. సభ తిరస్కరిస్తే తర్వాత ఏం చేస్తారో మంత్రి 21 రోజుల్లో చెప్పాలి, దానిపై చర్చకు ఒక తీర్మానం పెట్టాలి.

ఆ తీర్మానాన్ని సవరించడానికి వీల్లేని రూపంలో పెట్టాలన్నది ప్రభుత్వ ఎత్తుగడ. అంటే సభ మాట్లాడుకోవచ్చు గానీ ఏమీ అడగలేదు. 2018 డిసెంబర్ 4న గ్రీవ్ మళ్లీ దెబ్బ తీశారు. ఆ తీర్మానాలను సవరించవచ్చని 321–299తో సభ తేల్చింది. నిజానికి ఆ రోజు అందరి కళ్లూ వేరే చోట ఉన్నాయి. ఒప్పందంపై అటార్నీ జనరల్ ఇచ్చిన న్యాయ సలహాను పూర్తిగా బయటపెట్టనందుకు ప్రభుత్వం సభాధిక్కారానికి పాల్పడిందని 311–293తో తీర్మానించారు. పత్రికల పతాక శీర్షికలన్నీ దానికే. ముందుముందు పనికొచ్చింది మాత్రం గ్రీవ్ సవరణే. సవరించగల తీర్మానం ఉంటేనే ‘ఫలానా రోజున 14వ నిబంధన వర్తించదు’ అన్న వాక్యాన్ని అందులో ఇరికించగలరు.

2019 జనవరి 9న ఆ 21 రోజుల్ని మూడు సభా దినాలకు కుదించే సవరణ వచ్చింది. సభా కార్యక్రమ తీర్మానంపై ‘వెంటనే’ ఓటు జరగాలని ఉంది కాబట్టి సవరణకు తావు లేదన్నది అధికారుల వాదన. ‘వెంటనే’ అంటే చర్చ లేకుండా అని అర్థమే గానీ సవరణ లేకుండా అని కాదని బెర్కో తేల్చారు. ఫలితం 308–297. బెర్కో పూర్వ సంప్రదాయాన్ని పక్కన పెట్టారన్న విమర్శలో పస ఉంది. అయితే సంప్రదాయాలన్నీ సభలో ప్రభుత్వానికి మెజారిటీ ఉంటుందన్న నమ్మకం మీద పుట్టినవి. ఆ నమ్మకమే లేని చోట ఏ స్పీకర్ ఏ తీర్పు ఇచ్చినా ఒక పక్షానికి మేలు చేసినట్టే కనిపిస్తుంది.

మూడు ఓటములు, మూడు రకాలు

585 పేజీల నిష్క్రమణ ఒప్పందం, 26 పేజీల రాజకీయ ప్రకటన 2018 నవంబర్‌లో సిద్ధమయ్యాయి. పీటముడి ఐర్లండ్ దగ్గర పడింది. ఐర్లండ్ దీవిని చీల్చే దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దులో తనిఖీలు రాకూడదంటే, వేరే దారి దొరికేదాకా బ్రిటన్ మొత్తం ఐరోపాతో ఒకే సుంకాల పరిధిలో ఉండాలన్నది ‘బ్యాక్‌స్టాప్’. దాన్నుంచి ఏకపక్షంగా బయటపడే వీలు లేదు. కరడుగట్టిన నిష్క్రమణవాదులకు అది ఉచ్చు. ఉత్తర ఐర్లండ్‌కు వేరే నియమాలు అంటగడుతుందని డీయూపీకి కోపం. ఇంత వదులు బంధం చాలదని లేబర్ పార్టీ వాదన. ముగ్గురూ మూడు వ్యతిరేక కారణాలతో ఒకే ‘కాదు’ లాబీలోకి నడిచారు.

2019 జనవరి 15న ఒప్పందం 202–432తో ఓడింది. 230 ఓట్ల తేడా, ఆధునిక కాలంలో ఏ బ్రిటిష్ ప్రభుత్వమూ ఎరగని ఓటమి. మర్నాడు లేబర్ నేత జెరెమీ కార్బిన్ అవిశ్వాసం 306–325తో వీగిపోయింది. మార్చి 12న రెండో ప్రయత్నం 242–391, తేడా 149. తిరుగుబాటు చేసిన కన్సర్వేటివ్‌లు 118 నుంచి 75కు తగ్గారు. తరుగుదల మే నమ్మకాన్ని పెంచింది: గడువు దగ్గరపడే కొద్దీ భయం ఒక్కొక్కరినే లాక్కొస్తుందని ఆమె లెక్క.

ఆ లెక్కకు మార్చి 18న బెర్కో అడ్డుకట్ట వేశారు. ఒక సమావేశ కాలంలో సభ ఒకసారి తేల్చిన ప్రశ్నను అదే రూపంలో మళ్లీ తేకూడదన్నది 1604 నాటి కట్టుబాటు. సభాపద్ధతులకు ప్రామాణిక గ్రంథమైన ఎర్స్కిన్ మే పుస్తకాన్ని ఉటంకిస్తూ ఆయన దాన్ని గుర్తు చేశారు. ప్రభుత్వం దారి వెతుక్కుంది. మార్చి 29న ఒప్పందాన్ని రాజకీయ ప్రకటన నుంచి విడదీసి, ఒప్పందం ఒక్కటే పెట్టింది. ప్రశ్న వేరయింది కాబట్టి స్పీకర్ అనుమతించారు. ఫలితం 286–344.

ఈ మూడో ఓటమిని కాస్త దగ్గర నుంచి చూడాలి. ‘కాదు’ అన్న 344 మందిలో కన్సర్వేటివ్‌లు 34, డీయూపీ 10. ఆ 44 మందీ ఇటు నడిచి ఉంటే లెక్క 330–300 అయ్యేది. బోరిస్ జాన్సన్, జాకబ్ రీస్-మాగ్ లాంటి నిష్క్రమణవాదులు అప్పటికే లొంగి అనుకూలంగా ఓటేశారు. మిగిలింది ఒప్పందం లేకున్నా సరేనన్న గట్టి పిండాలు, రెండో రెఫరెండం కావాలన్న కొద్దిమంది. ప్రధాని చివరి అస్త్రంగా ఒప్పందం నెగ్గితే పదవి వదులుకుంటానని కూడా చెప్పి చూశారు. అది కొందరిని కదిపింది గానీ ఉత్తర ఐర్లండ్ పార్టీకి ప్రధాని ఎవరన్నది ముఖ్యం కాలేదు, బ్యాక్‌స్టాప్ ముఖ్యం.

ఎజెండాను లాక్కోవడం ఎలా

సభ ఎజెండాను చేతిలోకి తీసుకోవడం వినడానికి విప్లవంలా ఉంటుంది, చేయడానికి మహా చాకిరీ. ముందు ప్రభుత్వం సవరించదగ్గ తీర్మానం ఏదో ఒకటి పెట్టేలా చూడాలి. దానికి సవరణ ద్వారా ఒక తేదీ, ఆ తేదీన ఏ గంట నుంచి ఏ గంట వరకు 14వ నిబంధన పక్కకు పోతుందో, ఆ సమయంలో ఎవరి ప్రతిపాదన వస్తుందో, ఓటు ఎప్పుడో రాయాలి. తర్వాతి రోజు కూడా కావాలంటే అదీ ఇందులోనే రాసుకోవాలి, లేకపోతే తెల్లవారగానే పగ్గాలు మళ్లీ ప్రభుత్వానివే. స్పీకర్ ఆ సవరణను ఎంచుకోవాలి. చివరగా మెజారిటీ.

మార్చి 25న కన్సర్వేటివ్ సభ్యుడు ఒలివర్ లెట్విన్ సవరణ 329–302తో ఇదంతా సాధించింది. దానికి ఓటేయడం కోసం ముగ్గురు మంత్రులు రాజీనామా చేశారు. మార్చి 27న సభ్యులు ప్రతిపాదించగా స్పీకర్ ఎంచుకున్న ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద ఓటు జరిగింది, ఈసారి లాబీలు కాకుండా కాగితం బ్యాలెట్ల మీద. ఎనిమిదీ ఓడిపోయాయి. సుంకాల కూటమిలో ఉండాలన్నది ఆ రాత్రి ప్రకటించిన లెక్క ప్రకారం 264–272, ఒప్పందాన్ని ప్రజల ముందు పెట్టాలన్నది 268–295, ఒప్పందం లేకుండా వెళ్లిపోవడం 160–400. ఏప్రిల్ 1న మళ్లీ నాలుగింటి మీద ఓటేస్తే సుంకాల కూటమి 273–276తో, అంటే మూడు ఓట్లతో, చేజారింది. ప్రజల ఓటుకు 280 అనుకూలం, 292 వ్యతిరేకం. తన ప్రతిపాదన వీగిపోయిన నిక్ బోల్స్ అప్పటికప్పుడు సభలోనే కన్సర్వేటివ్ పార్టీని వదిలి నడిచి వెళ్లిపోయారు.

ఎందుకు ఓడాయి? పద్ధతిలోనే లోపం ఉంది. ఒక్కో ప్రశ్నకు విడివిడిగా అవును-కాదు అడిగారు. అట్టడుగున వచ్చిన దాన్ని తీసేసి మళ్లీ ఓటు వేయించే ఎలిమినేషన్ పద్ధతి పెట్టి ఉంటే రెండో ఇష్టాలు బయటపడేవి. పైగా కేబినెట్ మంత్రులు ఓటింగ్‌కు దూరంగా ఉన్నారు, కాబట్టి మొత్తం లెక్కే కుంచించుకుపోయింది. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి. రెండో రెఫరెండం కోరుకున్నవారిలో కొందరు సుంకాల కూటమికి చేయి ఎత్తలేదు, ఎత్తితే తమ రెఫరెండం ఇక రాదని. గడియారం తమ పక్షాన ఉందని మూడు శిబిరాలూ నమ్మాయి. ప్రతిష్టంభన కొనసాగితే ఒప్పందం లేకుండా బయటపడతామని ఒకరు, ప్రజల దగ్గరికి వెళ్లక తప్పదని ఒకరు, భయపడి తన ఒప్పందానికే వస్తారని ప్రధాని. ఎవరూ రాజీ పడాల్సిన అవసరం చూడలేదు. నోటీసును బ్రిటన్ ఏకపక్షంగా వెనక్కి తీసుకోవచ్చని 2018 డిసెంబర్ 10న ఐరోపా న్యాయస్థానం చెప్పడం రెండో శిబిరానికి ఇంకా ధైర్యమిచ్చింది.

తమాషా ఏమిటంటే, ఓడిపోయిన సుంకాల కూటమికీ, ప్రజల ఓటుకూ వచ్చిన అనుకూల ఓట్లు మే ఒప్పందానికి మొదటి రెండుసార్లు వచ్చినవాటికంటే ఎక్కువ.

అప్పుడు వచ్చింది ఏప్రిల్ 3 నాటి బిల్లు, లేబర్ సభ్యురాలు ఇవెట్ కూపర్, లెట్విన్‌లది. ఒక్క రోజులో కామన్స్‌లో అన్ని దశలూ పూర్తి, 8వ తేదీకల్లా చట్టం. మార్చి 29 గడువు అప్పటికే ఏప్రిల్ 12కు జరిగింది, తర్వాత అక్టోబర్ 31కి జరిగింది. ఏప్రిల్ 12 అన్నది గాల్లోంచి ఊడిపడ్డ తేదీ కాదు. మే 23న జరగాల్సిన ఐరోపా పార్లమెంటు ఎన్నికలకు బ్రిటన్ ప్రకటన ఇవ్వడానికి చివరి రోజు అదే.

ఉత్తరాన్ని చట్టంలోనే రాసేశారు

మే రాజీనామా చేశాక జులై 24న బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యారు. అక్టోబర్ 31న ఎలాగైనా బయటికే అన్నది ఆయన మాట. ఆగస్టు 28న బాల్మోరల్‌లో రాణి ఆమోదంతో సెప్టెంబర్ రెండో వారం నుంచి అక్టోబర్ 14 దాకా పార్లమెంటును ప్రొరోగ్ చేసే ఆదేశం వెలువడింది. ప్రొరోగ్ అంటే మామూలు సెలవు కాదు. సభ, కమిటీలు అన్నీ ఆగిపోతాయి, పూర్తికాని బిల్లులు చాలావరకు రద్దవుతాయి, మంత్రులను ప్రశ్నించే వీలుండదు. కొత్త ప్రభుత్వ కార్యక్రమ ప్రసంగానికి సిద్ధం కావడానికని కారణం చెప్పారు. మామూలుగా ఆ పనికి నాలుగు నుంచి ఆరు రోజులు చాలు.

ఎత్తు వికటించింది. సెప్టెంబర్ 3న సభ తిరిగి కూర్చునేసరికి ప్రత్యర్థులకు వారం కూడా లేదని అందరికీ తెలిసిపోయింది. అన్ని నెలలు తలా ఒక దారి పట్టినవాళ్లను ఆ తొందరే ఒక్కటి చేసింది. సవరించడానికి ప్రభుత్వం ఏ తీర్మానమూ పెట్టలేదు. అందుకని లెట్విన్ 24వ నిబంధన కింద అత్యవసర చర్చ కోరారు. 40 మంది లేచి నిలబడితే అది దొరుకుతుంది. ఆ చర్చల్లో ‘సభ ఈ విషయాన్ని పరిశీలించింది’ అనే చప్పిడి తీర్మానం పెట్టడమే ఆనవాయితీ. బెర్కో ఈసారి ఎజెండాను మార్చే అసలు తీర్మానాన్నే అనుమతించారు. అది 328–301తో నెగ్గింది. అదే మధ్యాహ్నం జాన్సన్ మాట్లాడుతుండగా కన్సర్వేటివ్ సభ్యుడు ఫిలిప్ లీ లేచి ఎదుటి బెంచీల్లోకి నడిచి లిబరల్ డెమొక్రాట్ల పక్కన కూర్చున్నారు. ప్రభుత్వ మెజారిటీ అక్కడితో హుష్. రాత్రికి 21 మంది కన్సర్వేటివ్‌ల నుంచి విప్ తీసేశారు. మాజీ ఆర్థిక మంత్రులు కెన్ క్లార్క్, ఫిలిప్ హామండ్, విన్‌స్టన్ చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ కూడా అందులో ఉన్నారు.

ప్రధాని గడువు అడిగి తీరాలనే లేబర్ సభ్యుడు హిలరీ బెన్ బిల్లు మర్నాడు కామన్స్‌లో 327–299తో, 6న ఎగువ సభ అయిన లార్డ్స్‌లో నెగ్గింది. లార్డ్స్‌లో చర్చకు సమయ పరిమితి విధించే అధికారం ప్రభుత్వానికీ ఉండదు, ప్రతిపక్షానికీ ఉండదు. నిష్క్రమణవాదులు పుంఖానుపుంఖాలుగా సవరణలు వేసి కాలయాపనకు దిగారు. సభ్యులు రాత్రంతా కూర్చోవడానికి సిద్ధపడేసరికి అర్ధరాత్రి దాటాక రాజీ కుదిరింది.

బెన్ చట్టం మీద ఒక చూపు నిలపాలి. అక్టోబర్ 19లోగా సభ ఏదైనా ఒప్పందాన్ని గానీ, ఒప్పందం లేని నిష్క్రమణను గానీ ఆమోదించకపోతే ప్రధాని 2020 జనవరి 31 దాకా గడువు కోరుతూ ఐరోపా మండలికి ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం మాటలు ఎలా ఉండాలో షెడ్యూలులో అక్షరం అక్షరం అచ్చేశారు. మండలి వేరే తేదీ ఇస్తే, సభ కాదంటే తప్ప, రెండు రోజుల్లో ఒప్పుకోవాలి. ప్రధానికి వాక్యం కూడా నమ్మి ఇవ్వని చట్టం అది. అంతకు ముందు ఏప్రిల్ చట్టంలో ఈ జాగ్రత్త అవసరం పడలేదు. మే ఇష్టం లేకున్నా మాట నిలుపుకుంటారని అందరికీ తెలుసు.

సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ప్రొరోగేషన్ చట్టవిరుద్ధమన్నారు. సరైన కారణం లేకుండా పార్లమెంటును తన రాజ్యాంగ విధి చేయకుండా అడ్డుకోవడం విశేషాధికారం పరిధిలోకి రాదు, కాబట్టి ఆ ఆదేశం మొదటినుంచీ చెల్లదు, సభ ప్రొరోగ్ కాలేదు. మర్నాడే సభ్యులు మళ్లీ కూర్చున్నారు.

జాన్సన్ అక్టోబర్ 17న కొత్త ఒప్పందం తెచ్చారు. బ్రిటన్ మొత్తానికి వర్తించే బ్యాక్‌స్టాప్ పోయి, సుంకాల తనిఖీలు ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సముద్రంలోకి జరిగాయి. 19న, ఫాక్‌లాండ్స్ యుద్ధకాలం 1982 తర్వాత తొలిసారి శనివారం సభ కూర్చుంది. ఇక్కడ లెట్విన్ ఒక కన్నం కనిపెట్టారు. సభ ఆ రోజు తీర్మానంతో ఒప్పందాన్ని ఆమోదిస్తే బెన్ చట్టం ప్రకారం ఉత్తరం అవసరం లేదు. కానీ ఒప్పందాన్ని అమలు చేసే బిల్లు అక్టోబర్ 31లోగా నెగ్గకపోతే? అప్పుడు ఉత్తరమూ లేదు, ఒప్పందమూ లేదు. అందుకే బిల్లు చట్టమయ్యేదాకా ఆమోదాన్ని ఆపుతున్నామని సవరణ పెట్టారు. ఫలితం 322–306. సముద్ర సరిహద్దుతో రగిలిపోయిన డీయూపీ పది మందీ లెట్విన్ వైపు ఓటేశారు. ఆ పది ఓట్లు అటు కాక ఇటు పడి ఉంటే 312–316తో ప్రభుత్వం గెలిచేది. రెండేళ్లకు పైగా ప్రభుత్వాన్ని నిలబెట్టిన పార్టీయే ఆ రోజు కాళ్లు లాగింది.

ఆ రాత్రి జాన్సన్ ఉత్తరం పంపారు, సంతకం లేని ఫొటోకాపీ. దాంతోపాటు పొడిగింపు తప్పని చెప్పే మరో ఉత్తరం, దానికి సంతకంతో. చట్టం ఉత్తరం పంపమందే గానీ సంతకం పెట్టమనలేదు. ఐరోపా దాన్నే విన్నపంగా తీసుకుని జనవరి 31 ఇచ్చింది.

434 అనే గోడ, దాన్ని దాటిన దొడ్డిదారి

ఎన్నికలకు వెళ్లి తేల్చుకోవచ్చు కదా? 2011 నాటి నిర్ణీత కాల పార్లమెంటు చట్టం ప్రకారం ముందస్తుకు మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు, అంటే 434 ఓట్లు కావాలి. సెప్టెంబర్ 4న 298, సెప్టెంబర్ 9న 293, అక్టోబర్ 28న 299. మూడుసార్లూ గోడకు తగిలి వెనక్కి. ప్రతిపక్షం దూరంగా ఉండడానికి కారణం ఎన్నికల భయం ఒక్కటే కాదు. సభ రద్దయ్యాక పోలింగ్ తేదీని అక్టోబర్ 31 దాటించే అవకాశం ఆ చట్టం ప్రధానికే ఇచ్చింది. గడువు జనవరికి జరిగాక ఆ సాకు పోయింది.

ఈలోగా అక్టోబర్ 22న సభ జాన్సన్ బిల్లును రెండో పఠనంలో 329–299తో ఒప్పుకుని, మరుక్షణమే మూడు రోజుల్లో ముగించాలన్న కాలపట్టికను 308–322తో తిప్పికొట్టింది. బ్రెగ్జిట్ ఒప్పందానికి సంబంధించి ఈ సభ ‘సరే’ అన్న మొదటి ఓటు, సమయం ఎవరిదన్న దగ్గర మళ్లీ ‘కాదు’ అన్న ఓటు, ఒకే సాయంత్రం. 29న ప్రభుత్వం 434 జోలికి పోకుండా ‘పాత చట్టం ఎలా ఉన్నా డిసెంబర్ 12న ఎన్నిక’ అని చిన్న బిల్లు పెట్టింది. బిల్లుకు మామూలు మెజారిటీ చాలు. 438–20. ఏ పార్లమెంటూ తర్వాతి పార్లమెంటును కట్టేయలేదన్న సూత్రం ముందు మూడింట రెండొంతుల రక్షణ ఎంత పల్చనో ఆ బిల్లు చూపించింది. మొదటి రోజే ఈ దారి ఎందుకు పట్టలేదంటే, బిల్లును సవరించవచ్చు. తేదీ మార్చవచ్చు, ఓటింగ్ వయసు తగ్గించవచ్చు, ఏమైనా తగిలించవచ్చు. సవరణలతో కాలిన చేతులకు ఆ భయం సహజం.

ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకు 365 సీట్లు, 80 మెజారిటీ. 2020 జనవరి 23న ఒప్పందం చట్టమైంది. అందులో గమనించాల్సినవి రెండు: 31వ సెక్షన్ గ్రీవ్ సాధించిన 13వ సెక్షన్‌ను రద్దు చేసింది, 33వ సెక్షన్ బయటపడ్డాక కూడా పాత నియమాలే నడిచే పరివర్తన కాలాన్ని పొడిగించడానికి మంత్రులు ఒప్పుకోకూడదని నిషేధించింది. బెన్ చట్టం ప్రధానిని గడువు అడిగి తీరాలంటే, దీని ప్రకారం అడగనే కూడదు. జనవరి 31 రాత్రి 11 గంటలకు బ్రిటన్ బయటపడింది. 2022 మార్చిలో 2011 చట్టం కూడా రద్దయి, సభను రద్దు చేయించే అధికారం తిరిగి ప్రధాని చేతికి వచ్చింది. ఈసారి ఆ నిర్ణయాన్ని కోర్టులు ప్రశ్నించకూడదని కూడా రాశారు.

14వ నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. 2022 అక్టోబర్ 19న లేబర్ పార్టీ తనకు కేటాయించిన ప్రతిపక్ష దినాన ఒక తీర్మానం పెట్టింది. పైకి షేల్ గ్యాస్ తవ్వకాల నిషేధం గురించి. లోపల మాత్రం లెట్విన్ అచ్చులో పోసిన వాక్యాలు: ఫలానా రోజున ప్రభుత్వ కార్యక్రమానికి ప్రాధాన్యం ఉండదు, ఆ సమయం నిషేధ బిల్లుకు. దాన్ని ఓడించడం విశ్వాస పరీక్ష అని విప్‌లు మొదట చెప్పి, ఓటింగ్ వేళకు కాదన్నారో అవునన్నారో ఎవరికీ తెలియని గందరగోళంలో లాబీల దగ్గర కేకలు వినిపించాయి. తీర్మానం ఓడిపోయింది. మర్నాడు ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటించారు.